కరెంటు రంపము – నేతగాని వ్రేళ్లు

మగ్గము విరిగినప్పుడు పూర్వము వడ్రంగికి కబురు పంపెడివారము. షోలాపురమున మనవారు అతనిని సుతారు అన్నారు. సేలము, కాంచీపురముల వైపున ఆశారి అన్నారు. బెంగుళూరు వైపున బడగి అన్నారు. బరంపురమున బఢేయి అన్నారు. యానాములో మాత్రము వడ్రంగి వడ్రంగిగానే ఉన్నాడు. పేరు ఏదైనను రెండు రోజులు ఆలస్యముగా వచ్చుటలో మాత్రము అందరును ఒక్కటే.

ఇప్పుడు ఆలస్యముగానైనను వచ్చువాడు లేడు. ఆ వడ్రంగుల బిడ్డలు ఇండ్ల తలుపులు, అలమారాలు చేయు పనులలో కుదురుకొన్నారు. తొక్కుడు చెక్క విరిగినదనియో, దోనె బీటలు తీసినదనియో పిలిచిన పలుకువారు తక్కువ. అందుచేత మన ఇండ్లలో కాస్త చురుకైన కుర్రవాడొకడు కరెంటు రంపము కొని తెచ్చుచున్నాడు. రెండు మూడు వేల రూపాయలు పెట్టిన చేతికి వచ్చు సామాను అది. చేతిరంపముతో పూటపని అయినది దానితో పావుగంటలో తెమలును. ఇందులో తప్పేమియు లేదు. మేమును ఒకటి కొన్నాము. కొన్నవారము గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా వీధిలో ఒక కుటుంబమున్నది. మూడు గుంట మగ్గములు, పట్టునేత. ఆ ఇంటి పెద్దబ్బాయికి ఇరువది రెండేండ్లు. అచ్చు అతుకుటలో వీధి మొత్తము మీద అతని చేయి మేలని పేరు. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను బొటనవ్రేలు, చూపుడువ్రేలు నడుమ పెట్టి మెలిపెట్టుట మన వారికి చెప్పనక్కరలేదు. పట్టుచీరకు నాలుగు వేల పైచిలుకు పోగులు. అన్నియు ఆ రెండు వ్రేళ్ల నడుమ నుండియే పోవలెను.

ఒక సాయంకాలము ఆ అబ్బాయి పాత మగ్గపు గుంజ నొకదానిని కోసి పలకకు చెక్క తీయబోయినాడు. టేకు, ఎప్పుడో తాతగారి నాటిది. నేలమీద కూర్చుండి, చెక్కను కాలితో అదిమిపెట్టి, రాళ్లు కోయు చిన్న మిషనుకు పళ్ల బ్లేడు బిగించి కోసినాడు. కోత పూర్తి అయినది. స్విచ్చి వదలినాడు. తెగిన ముక్క ప్రక్కకు దొర్లబోయినది. ఎడమ చేయి దానిని పట్టుకొనుటకు పోయినది. బ్లేడు ఇంకను ఆగలేదు. చూపుడువ్రేలు రెండవ కణుపు వద్ద పోయినది.

వారి అమ్మ కేకలు వేయలేదు. గడప మీద కూలబడి, “ఇంక అచ్చు ఎవరతుకుతారురా” అన్నది. ఆ మాట మేము చెవులార విన్నాము.

కొన్ని నాళ్లకు ఆ అబ్బాయి మాతో చెప్పిన మాట ఇంకొకటి. “చెయ్యి నేను పెట్టలేదు బాబాయ్, అదే పోయింది.”

ఈ మాటలో ఉన్నంత సత్యము మిషనుతో వచ్చు చిన్న పుస్తకములో లేదు. నేతగాని చేయి దానంతట అదే పోవుట నేర్చినది. పోగు తెగినదని కన్ను చెప్పకముందే వ్రేలు అక్కడ ఉండును. చిన్నతనము నుండి తండ్రి, తాత మన చేతికి నేర్పిన విద్యయే అది. ఆలోచించి చేయి చాచువాడు మంచి నేతగాడు కాడు. రంపము ముందు ఈ లెక్క తారుమారగును. అక్కడ ఆలోచించకుండ కదలిన చేయి ఇంటికి పూర్తిగా తిరిగి రాదు. మగ్గము నేర్పిన అలవాట్లలో సగము రంపము వద్ద మనకు శత్రువులే. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే.

మగ్గము మన కాలు ఆగిన ఆగును. పవర్‌లూము కూడ పిడి లాగిన రెండు దెబ్బలలో నిలుచును. రంపము అటువంటిది కాదు. స్విచ్చి వదలిన తరువాత కూడ కొన్ని సెకండ్లు తన ఊపున తాను తిరుగును. చప్పుడు తగ్గినది గనుక ఆగినదని చెవి నమ్మును. పాతకాలపు చోకు గల ట్యూబులైటు క్రింద ఇంకొక మోసము గలదు. ఆ దీపము మన కంటికి తెలియకుండ సెకనుకు నూరుమార్లు మినుకుమినుకుమనును. ఆ మినుకుతో బ్లేడు పళ్లు కలిసిన వేళ, తిరుగు బ్లేడు నిలిచినట్లో మెల్లగా కదలునట్లో కానవచ్చును. రాత్రిపూట కోయుట మానుకొనుట మేలు. తప్పనిసరియైన వేరొక మాదిరి దీపము దగ్గర పెట్టుకొనవలెను.

వేగము మాట చెప్పుదము. 185 మిల్లీమీటర్ల బ్లేడు గల చేతి మిషను నిమిషమునకు సుమారు 5,000 చుట్లు తిరుగును. అనగా దాని అంచు గంటకు 170 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుచున్నది. ఆ బ్లేడుకు 24 పళ్లున్నవనుకొనిన, ఒక్క సెకనులో ఒక చోటి నుండి 2,000 పళ్లు దాటిపోవును. అదరిపడి చేయి వెనుకకు తీయుటకు ఎంతటి చురుకైన మనిషికైనను సెకనులో అయిదవ వంతు పట్టును. ఆ లోపల 400 పళ్లు పోవును. “తగిలిన వెంటనే తీసివేస్తాను” అనువారు ఈ లెక్క ఒకసారి వేసికొనవలెను.

అమెరికాలో స్టీవ్ గ్యాస్ అను నతడు 1999లో ఒక ఉపాయము కనిపెట్టినాడు. బ్లేడులోనికి అతి స్వల్పమైన విద్యుత్తును పంపి, మనిషి చర్మము తగిలిన క్షణమున మార్పును పసిగట్టి, అల్యూమినియపు దిమ్మను పళ్లలోనికి దూర్చి బ్లేడును ఆపును. సెకనును వేయి పాళ్లు చేసిన అందులో అయిదు పాళ్ల లోపల బ్లేడు ఆగును. తన వ్రేలినే పెట్టి నలుగురి ముందు చూపించినాడు. చర్మము గీరుకొని మాత్రము పోయినది. ఆ దేశమున రంపపు బల్లల వలన ఏటా వేల సంఖ్యలో వ్రేళ్లు తెగుచున్నవి. ఆ మాదిరి మిషను ఖరీదైనది. మన వీధి చివరి దుకాణములో దొరకునది కాదు. మన చేతిలోని రంపమునకు చెక్క ఏదో, వ్రేలు ఏదో తెలియదు.

ఇక రంపములలో రకములు. మన ఇండ్లలో ఎక్కువగా చూచుచున్నది మార్బులు కట్టరు. అది రాతిపలకలు కోయుటకు చేసినది. పళ్లు లేని వజ్రపు బ్లేడుతో నిమిషమునకు 12,000 చుట్లకు పైగా తిరుగును. దానికి చౌకగా వచ్చు కొయ్య బ్లేడు బిగించుచున్నారు. కొయ్య కోయుటకని చేసిన మిషనుకు క్రిందివైపున స్ప్రింగు గల గార్డు ఉండును. కోత అయినంతనే అది దిగివచ్చి పళ్లను కప్పును. మార్బులు కట్టరుకు అది లేదు. కావున కోత ముగించి నేలమీద పెట్టునప్పుడు, తొడ మీదికి తెచ్చునప్పుడు తిరుగు పళ్లు బయటనే ఉండును. బ్లేడు మీద అది తట్టుకొనగల చుట్ల సంఖ్య అచ్చువేసి యుండును. ఆ సంఖ్య మిషను చుట్ల కంటె తక్కువైన ఆ బ్లేడు దానికి పెట్టరాదు. పళ్లు ఊడి తూటాల వలె వచ్చును. గోడలు గీకు గ్రైండింగు మిషనుకు పళ్ల బ్లేడు బిగించువారు మరికొందరు. వారికి మా సలహా ఒక్కటే: ఆ బ్లేడును విప్పి పాత ఇనుములో వేయుడు. ఆ మిషనుకు పిడి సన్నము, పట్టు తక్కువ, చెక్కలో పళ్లు చిక్కుకొన్న మరుక్షణమున మెడ మీదికి లేచును. దానితో కొయ్య కోయుట ఏ జాగ్రత్తతోను సురక్షితము కాదు.

డబ్బు చాలిన, కొయ్యకే చేసిన రంపము కొనవలెను. అయిదారు వేలు మగ్గము ఉన్న ఇంటికి చిన్న సొమ్ము కాదని మేమెరుగుదుము. నలుగురు కలిసి ఒకటి కొని వీధికి ఉమ్మడిగా పెట్టుకొనుట మేము చూచిన చోట బాగుగనే సాగుచున్నది.

కొందరి షెడ్డులలో రంపపు బల్ల యున్నది; బల్ల మధ్య సందులో నుండి బ్లేడు పైకి లేచి తిరుగుచుండును. దీని ప్రమాదము వేరు. చాలమంది చేయి పళ్ల మీదికి తోసికొని పోవుటయే ప్రమాదమనుకొందురు. దానికంటె మోసకారి అయినది చెక్క వెనుకకు తన్నుట. ఇది ఎట్లు జరుగునో తెలిసికొనినవాడు సగము బయటపడినట్లే. బ్లేడు ముందరి పళ్లు క్రిందికి దిగి చెక్కను బల్లకు అదుముచు కోయును. వెనుకవైపు పళ్లు పైకి లేచుచుండును. కోసిన చెక్క సందు మూసికొని బ్లేడును వెనుకవైపున పట్టుకొన్నదా, ఆ లేచు పళ్లు చెక్కను ఎత్తి కోయువాని మీదికి విసరును. షటిల్ ఎగిరి వచ్చి ఛాతీకి తగిలిన అనుభవము మన పవర్‌లూము వారికి కొత్త కాదు. ఇది దానికి అన్నగారు. అంతకంటె ఘోరము, చెక్కను తోయుచున్న చేయి చెక్క పోయిన మరుక్షణమున ఆనుకొనుటకు ఏమియు లేక నేరుగా బ్లేడు మీద పడును. చెక్క తన్నుట, వ్రేలు తెగుట రెండును ఒక్క రెప్పపాటులో జరుగును.

సందు మూసికొనకుండ చేయుటకే బ్లేడు వెనుక ఒక ఇనుప రేకు నిలబెట్టుదురు. రివింగ్ నైఫ్ అని దాని పేరు. బ్లేడు రేకు కంటె కొంచెము మందము, పళ్లు కోయు సందు కంటె కొంచెము పలుచన ఉండవలెను. కోసిన రెండు భాగములు కలియకుండ అది నడుమ నిలుచును. మేము చూచిన బల్లలలో చాలవాటికి ఈ రేకు లేదు. “అడ్డము వస్తుందని తీసేశాం” అన్నారు. అడ్డము వచ్చుటకే దానిని పెట్టినది. బల్ల మీద నిలువుకోత కోయునప్పుడు ప్రక్కనున్న ఫెన్సుకు చెక్కను ఆనించి తోయుడు. అడ్డకోతకు మాత్రము ఆ ఫెన్సును ఆనవాలుగా పెట్టుకొనవద్దు, తెగిన ముక్క బ్లేడుకు ఫెన్సుకు నడుమ చిక్కి తన్నును. బ్లేడుకు ఎదురుగా నిలువక ఒక ప్రక్కకు నిలువవలెను. పళ్లు చెక్కపైన పంటి లోతు మించి లేవనవసరము లేదు. బ్లేడుకు జానెడు దూరములోనికి చేయి పోవలసి వచ్చునెడల చేతికి బదులు తోపుడు కర్రను పంపవలెను. ఒక మూర పొడవు పాత చెక్కకు కొసన పక్షి ముక్కు వలె గాటు పెట్టిన అదే తోపుడు కర్ర. దీనికి ఖర్చు లేదు. ఇది విరిగిన, నరికిపోయిన ఇంకొకటి చేసికొనవచ్చును.

చేతి రంపమునకును ఇదే తంతు, తన్నునది చెక్కకు బదులు మిషను. పొడవు చెక్కను రెండు కొసలు మాత్రము స్టూళ్ల మీద పెట్టి నడుమ కోసిన, కోత సాగుకొలది నడుమ క్రుంగి సందు బిగియును. మిషను అదరి కోయువాని తొడవైపు దుముకును. కోయుచోటికి దగ్గరగా రెండువైపులను ఆధారమిచ్చి, తెగు ముక్క స్వేచ్ఛగా క్రింద పడునట్లు చూడవలెను. పడు ముక్కను పడనీయుడు. టేకైనను పడనీయుడు. దానిని పట్టుకొనవలెనని చేయి ఉబలాటపడును. ఆ ఉబలాటమే మా వీధి అబ్బాయి వ్రేలు తీసినది. అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకొన్నాము. చెక్కను క్లాంపులతో బల్లకు బిగించి, రెండు చేతులును మిషను మీదనే ఉంచుదుము. రెండు చేతులకును పని ఉన్నప్పుడు ఏ చేయియు తనంతట తాను పోదు. కోత అయిన తరువాత బ్లేడు పళ్లు ఒక్కొక్కటి లెక్కపెట్టుటకు వీలగునంత వరకు చేతులు తీయము.

కాలితో అదిమి కోయుట మాత్రము పూర్తిగా మానవలెను. నేలమీద కూర్చుండి కాలి బొటనవ్రేలితో పోగు బిగబట్టుట మనకు పుట్టుకతో వచ్చిన సౌఖ్యము. రంపమునకు నేల కాదు, నడుమెత్తు బల్ల కావలెను.

మగ్గపు కొయ్యలకు ప్రత్యేకముగా కొన్ని చిక్కులున్నవి. వడ్రంగము తెలిసినవారు కూడ వీనిని ఊహింపలేరు. దోనె గుండ్రని కొయ్య. గుండ్రని దానిని చదునుబల్ల మీద పెట్టి కోసిన, పళ్లు తగిలినంతనే అది గిరగిర తిరిగి చేతిని లోపలికి లాగును. రెండు చెక్కలను ఏటవాలుగా కలిపి కొట్టిన తొట్టిలో పెట్టి, కదలకుండ బిగించి మాత్రమే కోయవలెను. పాత గుంజలలో మేకులుండును. తాతల నాటి మేకు తల తుప్పుపట్టి కొయ్య రంగులో కలిసిపోయి కంటికి కానరాదు. చెడిపోయిన రేడియో స్పీకరులోని అయస్కాంతమును చెక్కమీద నలువైపుల నడిపించిన అది ఎక్కడ పట్టుకొనునో అక్కడ మేకు ఉన్నట్లు. మూడు తరములు బరువు మోసిన కొయ్య లోపల మెలికపడి యుండును. కోసిన వెంటనే తెరుచుకొనునో ముడుచుకొనునో ముందు తెలియదు. అట్టిదానిని కొంచెము కోసి, ఆపి, సందులో సన్నని చీలిక దూర్చి, మరల కోయవలెను. నాడెకు, కండెకు, అచ్చుబద్దలకు కావలసిన చిన్న ముక్కలు, వెదురు బద్దలు కరెంటు రంపమునకు పెట్టనే వద్దు. జానెడు చెక్కను పట్టుకొను చేయి బ్లేడుకు జానెడు దూరములోనే యుండును గదా. వానికి పాత చేతిరంపమే తగినది. అది ఇంకను మూలనే యున్నది.

మొద్దుబారిన బ్లేడు పదునైన దానికంటె ప్రమాదకరము. కొయ్య మాడు వాసన వచ్చిన, తోయుటకు బలము కావలసి వచ్చిన బ్లేడు మార్చవలెను. మార్చునప్పుడు స్విచ్చి ఆర్పుట చాలదు, ప్లగ్గు ఊడబెరికి కంటికి కనబడునట్లు పెట్టుకొనవలెను. మన ఊళ్లలో ఇంకొక బాధ. కోయుచుండగా కరెంటు పోవును. విసుగుతో మిషనును అట్లే పెట్టి కాఫీకి పోవుదుము. స్విచ్చి నొక్కి నిలుపు బొత్తము ఉన్న మిషనులలో అది పడియే యుండును. కరెంటు తిరిగి వచ్చినంతనే బల్లమీద మిషను తనంతట తాను లేచి ఆడును. ఆ సమయమున ప్రక్కన పిల్లలు ఉండకూడదని కోరుకొనుట తప్ప చేయునది లేదు. కరెంటు పోయినదా, మొదటి పని ప్లగ్గు ఊడదీయుట.

గుంట మగ్గపు గదిలో నేల ఎప్పుడును చెమ్మగానే యుండును. పోగు తెగకుండుటకు మనమే తడి ఉంచుదుము. అటువంటి గదిలో రంపము నడుపరాదు. వసారాలో, పొడినేల మీద, చెప్పులు తొడుగుకొని నడుపవలెను. టేపు చుట్టిన అతుకుల వైరు వద్దు. పోగులు అతుకుట మన విద్య, వైర్లు అతుకుట కాదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకు బ్రేకరు ఒకటి మెయినులో పెట్టించిన ఇంటివారందరికిని మేలు.

దుస్తుల మాట. లుంగీ కొస, భుజము మీది తువ్వాలు, ఆడవారైన చీరకొంగు, జడ, మెడలోని గొలుసు — ఇవన్నియు తిరుగు దానికి ఆహారము. చేతి తొడుగులు కూడ వద్దు. వ్రేలికి రక్షణయని తొడుగుకొనుదురు గాని, పంటికి తొడుగు కొస చిక్కిన చేయి మొత్తమును లాగును. బిగువైన బనియను, నిక్కరో పంట్లామో చాలును. కంటికి అద్దములు తప్పనిసరి. దూది నలుసులు పీల్చిన ఊపిరితిత్తులు మనవి. వానికి రంపపు పొట్టు తోడు చేయవద్దు. కొయ్యపొడి మనుషులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో తేల్చినది. ముక్కుకు మాస్కు కట్టవలెను. పొట్టు పట్టుచీర మీద పడిన మరక సంగతి ఆడవారు మాకంటె బాగుగ చెప్పుదురు.

ఈ జాగ్రత్తలు మేము కల్పించినవి కావు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తిరుగు యంత్రభాగములకు కంచె ఉండవలెననియు, నడుచు యంత్రము దగ్గర పనిచేయువాడు బిగువైన బట్టలు తొడుగుకొనవలెననియు చెప్పినది. దాని క్రింద రాష్ట్రములు వ్రాసికొన్న నియమములలో బ్లేడు వెనుక రేకు, తోపుడు కర్ర కూడ ఉన్నవి. ఆ చట్టము కరెంటుతో 10 మంది పనిచేయు చోటికి వర్తించెడిది. దాని స్థానమున వచ్చి 2025 నవంబరులో అమలైన కొత్త స్మృతి ఆ సంఖ్యను 20 చేసినది. మన ఇంటి వెనుక వసారాకు అదియు రాలేదు, ఇదియు రాదు.

1923 నాటి నష్టపరిహారపు చట్టమునకు ఒక పట్టిక యుండెడిది. ఏ అంగము పోయిన సంపాదనశక్తి ఎంత పోవునో అందులో నూటికి ఇంత అని కట్టినారు. బొటనవ్రేలు పూర్తిగా పోయిన 30. చూపుడువ్రేలు 14. నడిమివ్రేలు 12. ఉంగరపువ్రేలు గాని చిటికెనవ్రేలు గాని 7. ఆ పట్టిక వ్రాసినవారు అచ్చు అతుకు వానిని చూచి యుండరు. నేతగానికి చూపుడువ్రేలు నూటికి 14 అనిన నవ్వు వచ్చుచున్నది, నవ్వు తరువాత ఇంకేదో వచ్చుచున్నది. ఆ పద్నాలుగైనను ఇచ్చుటకు ఒక యజమాని ఉండవలెను. సొంత వసారాలో సొంత రంపముతో కోసికొన్నవానికి యజమాని తానే.

ఇన్ని చెప్పినను జరుగరానిది జరిగిన ఏమి చేయవలెనో తెలిసి యుండవలెను. ఇది కత్తిరించి గోడకు అంటించుకొన్నను మాకు సంతోషమే. గాయము మీద శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగా అదిమి, చేతిని గుండె కంటె ఎత్తుగా పట్టవలెను. కాఫీపొడి, పసుపు, సున్నము, కిరసనాయిలు ఏమియు వేయవద్దు. తెగిన ముక్కను వెదకి తీసికొనవలెను, చిన్నదని పారవేయవద్దు. మంచినీటితో ఒకసారి కడిగి, శుభ్రమైన తడిబట్టలో చుట్టి, నీరు చొరని ప్లాస్టికు సంచిలో పెట్టి మూతి కట్టవలెను. ఆ సంచిని మంచు ముక్కలు, నీరు కలిపిన పాత్రలో ఉంచవలెను. వ్రేలికి మంచు తగులరాదు, నీరు తగులరాదు. సంచికి మాత్రమే తగులవలెను. 108కి ఫోను చేసి, వ్రేళ్లు అతుకు శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవలెను. చెన్నపట్టణమున స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో చేతుల చికిత్సకు ప్రత్యేక విభాగమున్నది. కోయంబత్తూరు గంగా ఆసుపత్రి ఈ పనికి పేరుపొందినది. తక్కిన ఊళ్లవారు తమకు దగ్గరలో ఇట్టి ఆసుపత్రి ఎక్కడున్నదో రంపము కొన్న నాడే విచారించి పెట్టుకొనవలెను. ఆరు గంటల లోపల చేరిన ఆశ ఎక్కువ. చల్లగా ఉంచిన ముక్కకు ఇంకను ఎక్కువ గంటలు ఉండును గాని, ఆ ధైర్యముతో జాగు చేయవద్దు. దారిలో రోగికి తిండి, కాఫీ ఇయ్యవద్దు. మత్తు ఇచ్చి కోయవలసి రావచ్చును.

మా వీధి అబ్బాయి వ్రేలి ముక్కను ఇరుగుపొరుగువారు వెదకి తెచ్చినారు. ఎవరో మంచి మనసుతో గాజుగ్లాసులో మంచునీళ్లు పోసి అందులో వేసినారు. మేమును అక్కడనే ఉన్నాము. అది సరియైన పద్ధతియే అనుకొన్నాము. మూడు గంటలలో పెద్ద ఆసుపత్రికి చేరినాము. వైద్యుడు గ్లాసును వెలుతురులో పెట్టి చూచి, నీటిలో నాని తెల్లబడిన ముక్కలో రక్తనాళములు పనికిరాకుండ పోయినవని చెప్పినాడు. సంచిలో కట్టి తెచ్చియున్న ప్రయత్నము చేసెడివాడనన్నాడు.

ఇప్పుడు ఆ అబ్బాయి బొటనవ్రేలితో నడిమివ్రేలితో అచ్చు అతుకుచున్నాడు. మునుపు ఒక్క రోజులో ముగించు పడుగు మూడు రోజులు పట్టుచున్నది. ప్రక్కన వారి అమ్మ కూర్చుండి, ఒక్కొక్క పోగును విడదీసి అతని వ్రేళ్ల నడుమకు అందించుచున్నది.